ఉప్పెన - సునామి : తీరవాసుల స్మృతి, ఆత్మరక్షణము

ఉప్పెన యను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. సముద్రము హద్దు మీరి భూమిపైకి వచ్చుటను మన తీరవాసులు తరతరములుగా ఈ మాటతోనే చెప్పుకొనుచున్నారు. సునామి యను మాట యట్టిది కాదు. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీ ఆదివారమునకు పూర్వము అది మనలో భూగోళశాస్త్రము చదివినవారికి మాత్రము తెలిసిన జపానుదేశపు మాట. ఆనాటి సాయంకాలమునకు అది ఇంటింటి మాట యైనది. ఒక ఆపద పేరు ఆ ఆపద వచ్చిపోయిన పిమ్మట గాని జనులకు తెలియకపోవుట స్వల్పవిషయము కాదు. పేరు తెలియనిచోట దాని గుర్తులు తెలియవు. గుర్తులు తెలియనిచోట పరుగెత్తవలెనని తోచదు.

తీరవాసులు సునామిని ఎంతవరకు తట్టుకొనగలరను ప్రశ్నకు గోడల ఎత్తును, యంత్రముల నాణ్యమును బట్టి సమాధానము చెప్పుట పరిపాటి. అవి ముఖ్యములే. కాని చరిత్రను పరిశీలించినచో వానికంటె ముందుగా లెక్కింపదగినది మరియొకటి కాననగుచున్నది. అది ఆ జనుల స్మృతి. ఆపదను మరువని సమాజము ఆపదను తట్టుకొనుచున్నది. అయితే ఈ మరువకుండుట దానంతట అది జరుగునది కాదు. దానికొక సాధనము కావలెను. ఆ స్మృతి ఏ ఆపదకు సంబంధించినదో ఆ ఆపదకు సరిపోవునదియు కావలెను. ఈ రెండంశములను కొన్ని తీరముల చరిత్రనుండి నిరూపించి, వానిని మన తీరమునకు అన్వయించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఉప్పెనకును సునామికిని గల భేదమును తెలిసికొనవలెను. మన ఉప్పెన గాలి పుట్టించినది. బంగాళాఖాతమున వాయుగుండము బలపడి తుపానై తీరమును దాటునపుడు, పెనుగాలి సముద్రజలమును త్రోసికొని వచ్చి భూమిపై పడవేయును. అది వచ్చుటకు ముందు ఆకాశము మూసికొనును, గాలి హోరెత్తును, వాన కురియును. సునామి గాలితో పుట్టునది కాదు. సముద్రగర్భమున భూకంపము కలిగి అడుగునేల ఒక్కసారిగా లేచినను క్రుంగినను, దానిపైనున్న నీరంతయు కదలి అన్ని వైపులకు సాగిపోవును. లోతైన సముద్రములో దాని వేగము విమానవేగముతో సమానము. ఎత్తు మాత్రము ఓడలోనివాడు గమనింపలేనంత స్వల్పము. తీరము చేరి లోతు తగ్గినకొలది వేగము తగ్గి ఎత్తు పెరుగును. జపాను భాషలో ‘త్సు’ అనగా రేవు, ‘నామి’ అనగా అల. నడిసముద్రమున ఏమియు కానక తిరిగివచ్చిన జాలరులకు రేవు మాత్రము నాశనమై కనబడుటచే ఆ పేరు కలిగినదని చెప్పుదురు. తేటయైన ఆకాశము క్రింద, గాలి లేని ఉదయమునగూడ సునామి రావచ్చును. ఉప్పెనను ఎరిగినవాని కన్ను ఆకాశమును చూచును. సునామికి ఆకాశము గుర్తు కాదు.

మన తీరము ఉప్పెనల నెరిగినంతగా ఎరిగిన తీరములు లోకమున తక్కువ. గోదావరీముఖమునందలి కోరంగి రేవు 1789 డిసెంబరులో తుపాను ఉప్పెనకు గురియైనది. మూడు మహాతరంగములు ఒకదానివెంట ఒకటిగా వచ్చి ఆ పట్టణమును ముంచినట్లు హెన్రీ పిడింగ్టన్ వ్రాసెను. ఈయనయే నేడు ఆంగ్లమున తుపానునకు వాడుకలోనున్న ‘సైక్లోన్’ అను మాటను కల్పించినవాడు. 1839 నవంబరులో కోరంగి మరల మునిగినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై వచ్చిన ఉప్పెన 13 అడుగుల ఎత్తున లేచినదనియు, సుమారు 30,000 మంది మరణించిరనియు కృష్ణామండల చరిత్రలందు కలదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి తక్కువ గాకుండ ప్రాణములు కోలుపోయిరి. నాటికి మేము పుట్టలేదు. అయినను ఆ రాత్రికథ వినక పెరిగినవారు మా తరమున కృష్ణాతీరమందు లేరు. తాటిచెట్టు నెక్కి బ్రదికినవారి కథలు, కౌగిలించుకొనిన బిడ్డ చేతినుండి జారిపోయిన తల్లుల కథలు, పేర్లు పోయిన గ్రామముల కథలు మేమును వినినవారమే.

ఆ స్మృతి వ్యర్థము కాలేదు. 1977 తరువాత తీరగ్రామములందు పెక్కు తుపాను రక్షణభవనములు వెలసినవి. హెచ్చరిక వినగానే లేచిపోవలెనను నడవడి జనులలో కొంతవరకు కుదురుకొనినది. 1990 మే నెలలో మహాబలముగల తుపాను కృష్ణాతీరమును తాకినపుడు లక్షలాది జనులను ముందుగా తరలించిరి. ఆస్తినష్టము అపారమైనను మృతుల సంఖ్య వేయికి లోపుగనే నిలిచినది. అదియు చిన్న సంఖ్య కాదు. కాని పదుమూడేండ్ల నాటి లెక్కతో పోల్చినపుడు, మరువని సమాజము ఎంత చేయగలదో తెలియుచున్నది.

ఇక సునామి సంగతి. అదియు మన తీరమునకు 2004లో మొదటిసారిగా వచ్చినది కాదు. 1881 డిసెంబరు 31న కార్ నికోబారు సమీపమున కలిగిన భూకంపమువలన పుట్టిన సునామి నాగపట్టణము, మదరాసు, విశాఖపట్టణము మొదలగు రేవులలోని ఆటుపోట్లను కొలుచు యంత్రములపై నమోదైనది. 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతము ప్రేలినపుడు పుట్టిన తరంగములును మన రేవుల యంత్రములకు అందినవి. అవి స్వల్పములగుటచే మన తీరమున జనులను ముంచలేదు. ముంచనందున జనస్మృతిలో నిలువలేదు. యంత్రము వ్రాసికొనినది, జనులు వ్రాసికొనలేదు. శాస్త్రజ్ఞులకు మాత్రము తెలిసియుండి గ్రామమునకు తెలియని చరిత్ర తీరవాసికి రక్ష కాజాలదు.

దాని ఫలితము 2004లో కానవచ్చినది. సుమత్రా తీరమున మన కాలమానము ప్రకారము ఉదయము 6 గంటల 29 నిమిషముల ప్రాంతమున భూమి కంపించినది. అలలు మన తూర్పుతీరమును చేరునప్పటికి ఉదయము 9 గంటలైనది. నడుమ దాదాపు రెండున్నర గంటల వ్యవధి యుండెను. వార్త అందియున్నచో ఆ వ్యవధిలో తీరమంతయు ఖాళీ కాదగినదే. హిందూమహాసముద్రమునకు అప్పటికి సునామి హెచ్చరికవ్యవస్థ లేదు. నాడు మార్గశిర పూర్ణిమ. మచిలీపట్టణమునకు చేరువనున్న మంగినపూడి తీరమున స్నానములకు వచ్చినవారును మృతులలో నుండిరి. ఆంధ్రతీరమున నూరుమందికి పైగా మరణించిరి. తమిళనాడున మృతులు సుమారు 8,000. అందు నాగపట్టణము జిల్లావారే సుమారు 6,000. శతాబ్దములుగా సముద్రమును చదివిన కులములవారు నాటి సముద్రమును చదువలేకపోయిరి. అది వారి అజ్ఞానము కాదు. వారి విద్యలో ఆ పాఠము లేదు.

ఆ పాఠము గల తీరమొకటి అదే దినమున, అంతకంటె ఘోరమైన స్థితిలో, ఎట్లు బ్రదికెనో చూడవలెను. సుమత్రాకు పడమట సిమెలుయె యను ద్వీపము కలదు. భూకంపకేంద్రము దాని ఉత్తరపుకొనకు అతి సమీపము. ద్వీపమున నాడు సుమారు 78,000 మంది జనులుండిరి. ఉత్తరపుకొననున్న లంగి గ్రామమును అల చేరుటకు పట్టినకాలము సుమారు 8 నిమిషములు. ఏ యంత్రమును, ఏ ప్రభుత్వమును ఆ వ్యవధిలో వారిని హెచ్చరింపజాలదు. గ్రామము నేలమట్టమైనది; గ్రామస్థులలో ఒక్కరును చావలేదు. ద్వీపమంతటను మృతులు ఏడుగురని లెక్క.

కారణము ఒక మాట. ఆ ద్వీపభాషలో సునామికి ‘స్మోంగ్’ అని పేరు. 1907 జనవరి 4వ తేదీన అక్కడ భూకంపము కలిగి సునామి వచ్చి జనులను విశేషముగా బలిగొనెను. బ్రదికినవారు దానిని కథగా బిడ్డలకు చెప్పిరి. బిడ్డలు తమ బిడ్డలకు చెప్పిరి. పాటలలోను, జోలలోను అది చేరెను. ఆ కథ సారము మిక్కిలి సులభము: భూమి గట్టిగా కంపించి, ఆపై సముద్రము వెనుకకు పోయినచో, దేనికొరకును ఆగక కొండకు పరుగెత్తవలెను. 2004లో భూమి కంపించినంతనే ‘స్మోంగ్’ అను కేక పుట్టినది. ఆ కేకకు వివరణము అక్కరలేదు. దాదాపు నూరేండ్ల అనుభవము ఆ రెండక్షరములలో నిమిడియున్నది.

దీనికి ప్రతిగా చూడదగినది సుమత్రా ప్రధానభూమియందలి అచే ప్రాంతము. అచే భాషలోను ఇట్టి వెల్లువకు ‘ఇయె బెఉన’ అను ప్రాతమాట కలదు. కాని 2004 నాటికి అది సామాన్యజనుల నోట లేదు. దానివెంట చెప్పవలసిన కథయు లేదు. ఆ ప్రాంతమున లక్షన్నరకు మించి జనులు నశించిరి. జనసంఖ్యలోను, కొండల సామీప్యములోను గల భేదములను మేము తక్కువగా చూచుటలేదు. సిమెలుయెలో కొండ ఇంటివెనుకనే యున్నది. బందా అచే నగరము చదునైన నేల. అయినను భూమి కంపించిన పిమ్మట అల వచ్చువరకు నగరవాసులకు కొంత వ్యవధి యుండెననియు, ఆ వ్యవధిలో పరుగెత్తవలెనని తోచినవారు తక్కువ యనియు మరువరాదు. మాట నిఘంటువులో బ్రదికియుండుట వేరు. నాలుకపై బ్రదికియుండుట వేరు.

మాటయే గాక క్రియకూడ స్మృతిని నిలుపగలదనుటకు జపానునందలి హిరో గ్రామము నిదర్శనము. 1854 డిసెంబరు 24న అక్కడ భూకంపము కలిగి, సాయంకాలమునకు సునామి వచ్చెను. చీకటిలో దారి తప్పినవారికి మెట్టనేల కనబడుటకై హమగుచి గోర్యో యను వర్తకుడు వరికుప్పలకు నిప్పంటించెను. ఆ వెలుగు చూచి పెక్కుమంది గట్టెక్కిరి. మృతులు నలువదిమందికి లోపుగనే యుండిరి. లాఫ్‌కాడియో హెర్న్ ఈ కథను 1897లో ఆంగ్లమున వ్రాయగా అది లోకప్రసిద్ధమైనది. తరువాత జపాను పాఠ్యపుస్తకములలో చేరినది. కాని కథలో చేరని భాగమే చరిత్రకారునకు ముఖ్యము. ఇండ్లు పోయి ఊరు విడువజూచిన జనులను గోర్యో తన ధనముతో కూలికి పెట్టి, నాలుగేండ్లపాటు శ్రమించి, సుమారు 600 మీటర్ల పొడవుగల కట్టను పోయించెను. కూలివలన ఊరు నిలిచినది. కట్టవలన భవిష్యత్తు నిలిచినది. 1946లో మరల సునామి వచ్చినపుడు కట్ట వెనుకనున్న భాగము చాలవరకు రక్షింపబడెను. కట్ట హద్దునకు వెలుపల నున్నచోట ప్రాణనష్టము కలిగెను. 1903 మొదలుకొని ఆ గ్రామమువారు ఏటేట ఉత్సవము జరిపి, బాలబాలికలచేత కట్టపై పిడికెడు మన్ను వేయించుచున్నారు. ఆ మన్నుతో కట్ట ఎత్తు పెరుగదు. కట్ట ఎందులకున్నదో తెలిసిన తరము పెరుగును. ఐక్యరాజ్యసమితి 2015లో నవంబరు 5వ తేదీని ప్రపంచ సునామి అవగాహన దినముగా నిర్ణయించుట ఈ వృత్తాంతమును బట్టియే. 1854 నాటి ఆ దినము జపాను పంచాంగమున పదునొకండవ నెలలో అయిదవ రోజు.

జపాను ఈశాన్యతీరమైన సన్‌రికు ప్రాంతము ఇంకొక పాఠమును నేర్పుచున్నది. అక్కడ అనెయోషి యను చిన్నపల్లె 1896 సునామిలో ఇద్దరు దప్ప, 1933 సునామిలో నలుగురు దప్ప నశించెను. ఆ పిమ్మట పల్లెవారు ఎత్తయినచోట ఒక శిలను నాటి, అంతకు దిగువను ఇండ్లు కట్టరాదని దానిపై చెక్కించిరి. 2011 మార్చి 11న నీరు ఆ లోయలో 38 మీటర్లకు పైగా ఎత్తునకు ఎగబ్రాకియు శిలకు దిగువనే నిలిచిపోయినది. పల్లెలోని ఇండ్లు చెడలేదు. శిలాశాసనము మనకు దానధర్మముల సాక్ష్యముగా పరిచితము. అక్కడ అది ప్రాణరక్షణ శాసనమైనది. ఆ తీరమందే తరో యను ఊరివారు శిలకు మారుగా గోడను నమ్మిరి. 10 మీటర్ల ఎత్తున, దాదాపు రెండున్నర కిలోమీటర్ల పొడవున ఆ గోడ లోకప్రసిద్ధమైనది. 2011లో అల దానిని దాటినది. సుమారు రెండువందలమంది మరణించిరి. గోడ వెనుకనున్నామను ధైర్యముతో కదలనివారును అందుండిరి. కమైషి పట్టణపు పాఠశాలలవారు గోడను గాక అభ్యాసమును నమ్మిరి. సునామి వచ్చునపుడు ఒకరికొరకు ఒకరు నిలువక ఎవరికివారు ఎత్తునకు పరుగెత్తవలెనను ‘తెండెంకో’ సూత్రమును బాలురకు ముందునుండి నేర్పిరి. ఆ పట్టణమున దాదాపు 3,000 మంది బాలబాలికలలో బహుకొలదిమంది దప్ప అందరును బ్రదికిరి.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి స్మృతి యుండిన చాలునని తలంపరాదు. స్మృతికిని హద్దులు కలవు. 1896లో సన్‌రికు తీరమున భూమి కొంచెముగానే కంపించెను. గట్టి కంపమే గుర్తని తలచినవారు ఇండ్లలో ఉండిపోయిరి. సుమారు 22,000 మంది మరణించిరి. 2018 డిసెంబరు 22న సుందా జలసంధిలో అనక్ క్రకటోవా అగ్నిపర్వతపు పార్శ్వము సముద్రములో కూలి సునామి పుట్టినపుడు హెచ్చరింపదగిన భూకంపమే లేదు. నాలుగువందలమందికి పైగా నశించిరి. ఒక తీరపు స్మృతిని మరియొక తీరమునకు యథాతథముగా ఎరువు తెచ్చుటయు ప్రమాదమే. 2004లో సుమత్రాకు తూర్పువైపున సముద్రము ముందు వెనుకకు పోయి పిమ్మట పైకి వచ్చెను. మన తీరమునకును సింహళమునకును ముందు వచ్చినది పోటు. అది తీసిన పిమ్మట సముద్రము చాలదూరము వెనుకకు పోయి అడుగునేలను బయటపెట్టెను. ఆ వింత చూచుటకు దిగినవారిమీద తరువాతి అల పడెను. సిమెలుయె కథను మనము అక్షరశః నేర్చుకొనినను మొదటి అలను అది చెప్పియుండదు. పైగా సుమత్రాలో పుట్టిన భూకంపము మన పల్లెలలో తీవ్రముగా తెలియదు. కావున ప్రతి తీరమును తన ఆపదను తన మాటలలో తానే గుర్తుంచుకొనవలసియున్నది.

కంపము తెలియనిచోట యంత్రము కావలెను. ఆ యంత్రము మనకు కలిగినది. 2007 అక్టోబరులో హైదరాబాదునందలి జాతీయ సముద్ర సమాచారకేంద్రమున భారత సునామి ముందస్తు హెచ్చరికకేంద్రము ప్రారంభమైనది. భూకంపలేఖినులు, సముద్రపు అడుగున నీటి ఒత్తిడిని కొలుచు పరికరములు, తీరమున ఆటుపోట్ల కొలతలు దానికి సాధనములు. తెలుగుగడ్డనుండి హిందూమహాసముద్ర తీరదేశములు పెక్కింటికి హెచ్చరిక వెడలుచుండుట మనకు గర్వకారణమే. కాని హెచ్చరిక కేంద్రమునుండి కలెక్టరు కచేరికి చేరుటతో పని ముగియదు. పల్లెలో వల అల్లువానికి చేరవలెను, చేరినది అతనికి అర్థము కావలెను. 2004లో పుదుచ్చేరి ప్రాంతపు నల్లవాడు గ్రామస్థుడొకడు సింగపూరునుండి టెలిఫోనులో హెచ్చరింపగా, ఊరివారు విజ్ఞానకేంద్రపు ధ్వనివర్ధకముపై చాటి జనులను తరలించి ప్రాణములు కాచుకొనిరి. తెలిసినవాడు, చాటు సాధనము, వినెడి జనులు - ఈ మూడును కూడినచోట రక్ష కలిగినది. 2020లో ఒడిశాయందలి వెంకట్రాయిపూర్, నోలియాసాహి గ్రామములు సునామికి సంసిద్ధములైన గ్రామములుగా యునెస్కో గుర్తింపు నందినవి. మార్గములు గుర్తించుట, పటములు గీయుట, ఏటేట అభ్యాసము చేయుట మున్నగునవి ఆ గుర్తింపునకు లక్షణములు. ఒడిశాతీరపు నోలియాలలో పెక్కుమంది తెలుగు మాటలాడువారే యని ఇచట స్మరింపదగును.

తెలుగుశాఖలవారికి ఈ విషయముతో నేమి పని యని కొందరడుగవచ్చును. సిమెలుయెను రక్షించినది భాష. భాషయు, మౌఖికసాహిత్యమును మన విషయములు. మన జాలరుల భాషలో ఆటు, పోటు, ఏటిమొగ, తెప్ప, వల, గాలిదిక్కులు మొదలగు పదసంపద అపారముగా నున్నది. సముద్రము వెనుకకు పోవుటకు ‘ఆటు’, పైకి వచ్చుటకు ‘పోటు’ అని రెండు చిన్నమాటలు మనకు కలవు. వాని వేళలు చంద్రునిబట్టి ప్రతి జాలరికిని తెలియును. వేళకాని ఆటును, వేళకాని పోటును చూచినచో ఒడ్డున నిలువరాదు. మొదటి అల పోయినదని తిరిగి రారాదు. సునామిశాస్త్ర సారమును మన పల్లెకు చెప్పుటకు ఈ మాటలు చాలును. పరభాషాపదమును బెదరుగొలుపు పేరుగా మిగుల్చుటకంటె, దానిని ఆటుపోటుల పరిభాషతో ముడివేసి చెప్పుట మేలని మా అభిప్రాయము.

పరిశోధకులు చేయవలసిన పని మరియొకటి మిగిలియున్నది. 1977 ఉప్పెనను పెద్దవయసున చూచినవారు నేడు వృద్ధులు. 2004 నాటి ఉదయమును ఒడ్డున నిలిచి చూచినవారు ఇంకను మనమధ్య నున్నారు. ఆ రెండు అనుభవములను వారి మాండలికములోనే సేకరించి, ఏ గుర్తును చూచిరో, ఏ మాట అనుకొనిరో, ఎటు పరుగెత్తిరో నమోదు చేయవలసియున్నది. అట్టి సేకరణము గ్రంథాలయమున చేరుటతో ఆగరాదు. తీరపు పాఠశాలలకు పాఠమై, ఏటేట ఒకదినమున నడచి చూపించు అభ్యాసమై మరల ఆ పల్లెలకే చేరవలెను. 1881 నాటి అలను మన రేవుల యంత్రములు వ్రాసికొనెను. అది జనుల నోటికి చేరలేదు. 2004 నాటి అల గతియు నట్లు కాకుండ చూచుట మన తరము బాధ్యత. రాబోవు సునామి ఎన్నడు వచ్చునో చెప్పుట శాస్త్రమునకు సాధ్యము కాదు. వచ్చునాటికి ఒడ్డున నున్న బాలుడు వేళకాని ఆటును చూచి వింతపడునో, వెనుదిరిగి పరుగెత్తునో మాత్రము నేడు మనము చేయు పనినిబట్టి నిర్ణయమగును.